గవాచిలోంచి వచ్చిన మాట

వనపర్తి గ్రంథాలయంలో దయ్యాల కథల పుస్తకాలు కిటికీ పక్క అరలో ఉండేవి. పని దొరకని రోజుల్లో నేను అక్కడే కూర్చునేవాణ్ణి. శరీర శాస్త్రం చదివాను. ధ్వని గురించి, వేడి గురించి, భూకంపాల గురించి చదివాను. అర్థం కాని చోట మళ్లీ మొదటి నుంచి చదివాను. ఆ కిటికీ పక్క అరను మాత్రం ఎప్పుడూ ముట్టలేదు. లేనిదాని గురించి చదవడం దండగ అనుకునేవాణ్ణి.

ఇప్పటికీ దయ్యాలున్నాయని నేను అనను. కానీ గద్వాలలో నాకూ నా భార్యకూ జరిగినదాన్ని ఏ శాస్త్రం కింద పెట్టాలో తెలియలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది తెలకపల్లి. పదో తరగతితో చదువు ఆగింది. మా అత్తగారి ఊరు గద్వాల దగ్గరి గట్టు. మా మామ మట్టి మిద్దెల మేస్త్రి. పెళ్లయ్యాక ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. నా భార్య మన్నెమ్మ చిన్నప్పటి నుంచీ తండ్రి వెంట సున్నం కలిపిన మనిషి. మామ పోయాక మేమిద్దరమే పనికి పోతున్నాము. పైన నేను, కింద ఆమె.

మట్టి మిద్దె చూడనివారి కోసం కొంచెం చెప్పాలి. దూలాల మీద కట్టెలు పరిచి, ఆపైన చౌడు మట్టి దట్టంగా పోసిన ఇల్లు అది. వంటింటి కప్పులో పొగ పోవడానికి, వెలుతురు రావడానికి చదరంగా ఒక కంత ఉంచుతారు. దాన్ని గవాచి అంటాము. మిద్దె పైన దాని చుట్టూ ఇటుకతో, సున్నంతో మోకాలెత్తు కట్ట ఉంటుంది. వానొస్తే దాని మీద మూతబండ జరుపుతారు. పాతబడ్డ కొద్దీ కట్ట పగులుతుంది, బండ విరుగుతుంది, నీళ్లు లోపలికి దిగుతాయి. ఆ కట్టలు బాగుచేయడం, బండలు మార్చడం మా పని. ఈ మధ్య అందరి ఇళ్లలో గ్యాస్ పొయ్యిలే కాబట్టి, గవాచిని పూర్తిగా మూసేయమని అడిగేవాళ్లే ఎక్కువ.

మూసే ముందు పొగ పరీక్ష చేస్తాము. పగుళ్లు కంటికి కనిపించవు, పొగకు కనిపిస్తాయి. కింద మన్నెమ్మ పొయ్యిలో తడి పల్లిపొట్టు వేసి, నిప్పు అంటించి, బయటికొచ్చి తలుపు దగ్గరగా వేస్తుంది. పైన నేను గవాచి మీద తడి గోనెసంచి కప్పుతాను. పొగకు దారి లేక ఎక్కడ సందుంటే అక్కడ సన్నగా పైకి లేస్తుంది. అక్కడల్లా సున్నంతో గీతలు పెట్టుకుంటాను. తర్వాత సంచి తీసేస్తాను. పొగ పోయాక ఆమె లోపలికి పోయి నిప్పు ఆర్పి, వెదురు కట్టెకు తడిగుడ్డ చుట్టి గవాచిలోంచి పైకి పెడుతుంది. నేను దాన్ని పైకి లాక్కుంటాను. కట్టె చేతికొస్తేనే బండ పెట్టాలి.

ఈ కట్టె పద్ధతి మా మామది. "పైనోడు కిందోళ్ల మాట చెవుతోని వినొద్దు, కంటితోని సూడాలె. గవాచిలకెల్లి వచ్చిన మాట నమ్మొద్దు" అనేవాడు. కంతలో ధ్వని గుంయ్‌మంటుంది, మాట సరిగా వినబడదు, అందుకని చెబుతున్నాడని నేను అనుకున్నాను. ఆ మాటే ఆయనతో అన్నాను కూడా. ఆయన బీడీ వెలిగించుకున్నాడు.

గద్వాలలో నర్సమ్మవ్వ ఇంటికి వానలకు ముందు, ఎండలు ఇంకా తగ్గకముందే పోయాము. ఆమె నేతగాళ్ల ఇంటి పెద్దావిడ. పాత వంటింట్లోకి మగ్గం మార్చాలని ఆమె కొడుకు పట్టుబట్టాడు. గవాచిలోంచి నీళ్లు కారితే పట్టు పాడవుతుంది కాబట్టి మూసేయమన్నారు. ఆ పొద్దు కొడుకూ కోడలూ చీరలు అప్పజెప్పడానికి పోయారు. ఇంట్లో అవ్వ ఒక్కతే ఉంది.

నేను నిచ్చెనేసి మిద్దె ఎక్కాను. గవాచి చుట్టూ కొత్త కట్ట సగం కట్టి ఉంది. ఎవరో మొదలుపెట్టి వదిలేశారు. గట్టిపడిన సున్నంలో ఒక తాపీ దిగబడి నిలబడి ఉంది. పిడి ఎండకు పగిలింది. లాగితే కదలలేదు.

కిందికి వంగి, ఈ తాపీ ఎవరిదని అవ్వను అడిగాను.

"ఎవరో మేస్త్రి. మా ఆయన ఉన్నప్పుడు పిలిపిచ్చిండు. మిద్దె దిగి మొకం కడుక్కుంటనని పోయిండు, మల్ల రాలే" అంది.

"తాపీ గూడ ఇడిసిపెట్టి పోయిండు గదా అవ్వా."

"తాగుబోతోడేమో నాయిన. మాలో మగ్గం మీద నూలు నాడె ఇడిసిపెట్టి పోయిన నేతగాణ్ణి నేనైతే సూడలే."

మన్నెమ్మ సున్నం కలుపుతూ నవ్వింది. "మావోనికి తాపీ కాదవ్వా, బుక్కు. ఏడికి పోయినా బుక్కు మర్సిపోడు, అన్నం టిప్పిని మర్సిపోతడు."

"బుక్కులు సదువుతడా మేస్త్రి? గవాచి గురించి ఏం రాసిన్రంట?"

"ఏం రాయలేదవ్వా. అందుకే మమ్మల్ని పిలుస్తున్నరు" అన్నాను. ముగ్గురం నవ్వుకున్నాము. ఆ నవ్వు నాకు బాగా గుర్తుంది, ఆ ఇంట్లో ఆ తర్వాత మేము నవ్వలేదు.

మిగిలిన కట్ట పూర్తి చేశాను. కొత్త బండను పైకి చేర్చి పక్కన పెట్టుకున్నాను. మన్నెమ్మ గంపెడు పల్లిపొట్టు తడిపి వంటింట్లోకి పోయింది. కాసేపటికి పొగ లేచింది. నేను గోనెసంచి కప్పాను.

పగుళ్లు చాలానే ఉన్నాయి. మిద్దె మీద మోకాళ్ల మీద తిరుగుతూ గీతలు పెట్టుకుంటూ పోయాను. పొగ మామూలు కన్నా ఎక్కువసేపు వస్తోందని అనిపించింది. పొట్టు బాగా తడిసిందేమో అనుకున్నాను. పని అయ్యాక సంచి లాగేశాను. పొగ ముద్దలా మొహానికి కొట్టింది. వెనక్కి జరిగి, పొగ పోతుందని కొంతసేపు చూసి పిలిచాను.

"మన్నెమ్మా, నిప్పు ఆర్పినవా?"

"ఆర్పిన."

ఆమె గొంతే. ఎంతో దగ్గరగా, కట్టకు అవతల కూర్చుని మాట్లాడినట్టు వినబడింది.

పొగ తగ్గలేదు. కాసేపు ఆగి, కట్టె పెట్టమన్నాను.

"కట్టె ఎందుకు, నేను బయటికొచ్చిన. బండ పెట్టెయ్."

ఎండకు మాడు కాలుతోంది. బండ మీద చేయి వేశాను కూడా. దాన్ని కొంచెం జరిపాను. అప్పుడు ఒక సంగతి తట్టింది. బయటికి వచ్చిన మనిషి మాట వాకిట్లోంచి రావాలి. ఈ మాట గవాచిలోంచి వస్తోంది. ఇంకొకటి. అంత పొగలో ఉన్న మనిషికి దగ్గకుండా మాట్లాడడం కుదరదు. ఆ గొంతులో దగ్గు లేదు. గొంతు బొంగురుపోలేదు. శుభ్రంగా ఉంది.

వాకిటి వైపు తిరిగి, "అవ్వా, మా మన్నెమ్మ అక్కడున్నదా?" అని అడిగాను.

"లేదు నాయినా, ఇంకా లోపల్నే ఉన్నది. నేను ఈడనే ఎదురుసూస్తున్న" అంది నర్సమ్మవ్వ.

గవాచిలోంచి అదే గొంతు, అంతే మెల్లగా, "పెట్టెయ్" అంది.

నిచ్చెన ఎలా దిగానో చెప్పలేను. మోచేయి చర్మం లేచిపోయిందని తర్వాత చూసుకున్నాను. వంటింటి తలుపు దగ్గరగా వేసి ఉంది. కింద సందులో గోనెపట్ట కుక్కి ఉంది, లోపలి నుంచి. తన్ని తెరిచాను. మన్నెమ్మ పొయ్యి ముందు పక్కకు ఒరిగి పడి ఉంది. గంప ఖాళీ. పొట్టంతా పొయ్యిలోనే ఉంది, లోపల ఎర్రగా రాజుకుంటోంది. చంకల కింద చేతులు వేసి వాకిట్లోకి ఈడ్చాను. అవ్వ చెంబుతో నీళ్లు తెచ్చి మొహం మీద కొట్టింది. మనిషి కదలలేదు. మొదటిసారి నా చదువంతా నా తలలోంచి పోయింది. ఏం చేయాలో ఎన్నో చోట్ల చదివినవాణ్ణి, ఆమె పేరు పిలవడం తప్ప ఏమీ చేయలేకపోయాను.

తర్వాత ఆమె ఒక్కసారిగా ఊపిరి లాగి దగ్గింది. కళ్లు తెరవలేదు గానీ దగ్గుతూనే ఉంది. ఆ దగ్గు విని నేను ఏడ్చాను.

అప్పుడు నర్సమ్మవ్వ నా భుజం పట్టుకుంది. ఆమె నా వైపు చూడడం లేదు. మిద్దె వైపు చూస్తోంది.

"మేస్త్రీ, లోపల ఇంకెవరున్నరు?"

వాకిట్లోంచి చూస్తే గవాచి కట్ట పైభాగం కనిపిస్తుంది. అందులోంచి వెదురు కట్టె పైకి లేచి ఉంది. దాని కొసకు తడిగుడ్డ. ఎప్పుడూ మన్నెమ్మ ఊపినట్టే మెల్లగా అటూ ఇటూ ఊగుతోంది. పైనున్నవాడు పట్టుకుని లాగాలని ఎదురుచూస్తున్నట్టు ఊగుతోంది. మన్నెమ్మ తల నా ఒళ్లో ఉంది. వంటింటి తలుపు మా ఎదురుగా తెరిచి ఉంది. అందులోంచి పొగ తప్ప ఎవరూ బయటికి రాలేదు.

కాసేపటికి కట్టె ఆగింది. మెల్లగా కిందికి దిగిపోయింది. కింద పడిన చప్పుడు వినబడలేదు.

అవ్వ గడపకు ఈవలి నుంచే చెంబును నీళ్లతో సహా పొయ్యి మీదికి విసిరేసింది. నేను మన్నెమ్మను ఎత్తుకుని వీధిలోకి వచ్చాను. ఆటోలో దవాఖానకు పోయాము. ఆక్సిజన్ పెట్టారు. ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరమ్మ అంది. మూసిన గదిలో నిప్పు పెట్టుకుని కూర్చుంటారా అని నన్ను కోప్పడింది. తల వంచుకుని విన్నాను.

మరునాడు మన్నెమ్మ మాట్లాడింది. పొట్టు అంటించి బయటికి రాబోతుంటే పైనుంచి నేను పిలిచానట.

"ఇంకా పెట్టు, పొగ సాలుతలేదు అన్నవ్. తలుపు సందుల పట్ట కుక్కు అన్నవ్. మల్ల మల్ల అన్నవ్. కండ్లు మండుతున్నయి, జర సంచి తియ్ అంటే, ఇంకొంచెం ఓర్సుకో బిడ్డా అన్నవ్."

నేను ఆమెను ఎన్నడూ బిడ్డా అని పిలవలేదు. అలా పిలిచేది మా మామ ఒక్కడే. ఆ సంగతి ఆమెకూ తెలుసు. చెప్పాక ఆమె నా మొహం వైపు చూసింది. నేను ఆ మాటలు ఒక్కటీ అనలేదని చెప్పాను. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

మన్నెమ్మ కోలుకున్నాక నేను మళ్లీ గ్రంథాలయానికి పోయాను. తడి పొట్టు సరిగా కాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. అది రక్తంలోకి పోతే తల తిరుగుతుంది, మెదడు మసకబారుతుంది, లేని మాటలు వినబడొచ్చు. మన్నెమ్మ విన్నదానికి పుస్తకంలో జవాబు దొరికింది. అది చదివి కాసేపు నెమ్మదించాను. ఆ తర్వాత పుస్తకం మూశాను. ఆ విషవాయువు లోపలుంది, నేను మిద్దె మీద గాలిలో ఉన్నాను. నేను విన్నదానికి అందులో జవాబు లేదు. నర్సమ్మవ్వ వాకిట్లో నిలబడి చూసింది. ఆమె చూసినదానికీ లేదు.

అవ్వ కొడుకు పోయి చూస్తే వెదురు కట్టె పొయ్యి పక్కన, మన్నెమ్మ ఎప్పుడూ పెట్టే చోట, గోడకు ఆనించి ఉందట. గుడ్డ పొడిగా ఉందట.

మేము పని మానలేదు. మానితే బతకలేము. కానీ కట్టె పద్ధతి మానేశాము. ఇప్పుడు బండ పెట్టే ముందు మన్నెమ్మ నిచ్చెనెక్కి మిద్దె మీదికి వస్తుంది. నా పక్కన నిలబడి నా చేయి పట్టుకుంటుంది. అప్పుడు ఇద్దరం కలిసి బండ జరుపుతాము. చూసినవాళ్లు నవ్వుతారు. మొగుడూ పెండ్లాలకు మిద్దె మీద ముచ్చట్లేందని అడుగుతారు. మన్నెమ్మ వాళ్లకు ఏదో ఒక జవాబు చెప్పి నవ్విస్తుంది. నా చేయి మాత్రం వదలదు.

నర్సమ్మవ్వ ఇంటికి నేను మళ్లీ పోలేదు. ఆ వంటింట్లో వాళ్లు మగ్గం పెట్టుకోలేదని, తలుపుకు తాళం వేశారని విన్నాను. మగ్గానికి చోటు చాలక, ఎన్నడో ఒకనాడు మళ్లీ ఎవరినైనా పిలుస్తారేమోనని నా భయం. నా తాపీ అక్కడే ఉండిపోయింది. తడి సున్నంలో గుచ్చి దిగాను. ఈపాటికి గట్టిపడి ఉంటుంది.

గద్వాలలో ఏ మేస్త్రి అయినా ఒక పాత మిద్దె ఎక్కి, గవాచి పక్కన నిలబడిన రెండు తాపీలు చూస్తే, దయచేసి గవాచిలోకి వంగి ఎవరినీ పిలవకండి. మీ మనిషిని ముందు పైకి రమ్మనండి.