ధహ్రాన్‌లో పుట్టువెంట్రుకలు

మా అబ్బాయికి ఇప్పుడు నడినెత్తిన జుట్టు పలచబడుతోంది. అద్దం ముందు నిలబడి దువ్వెన అటొకసారి ఇటొకసారి తిప్పుతూ దిగులుపడుతుంటే నాకు లోపల నవ్వొస్తుంది. ఒకప్పుడు ఆ నెత్తిమీది జుట్టు కోసం రెండు కుటుంబాలూ ఒక సర్జనూ కంపెనీ సేఫ్టీ ఆఫీసరూ కలిసి తలలు పట్టుకున్న సంగతి చెబితే, ఊరికే కల్పిస్తున్నానంటాడు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

వాడు నెలలు నిండకుండా పుట్టాడు. మా అత్తగారు అమలాపురం నుంచి కాకినాడ ఆసుపత్రికి వచ్చి, గాజుపెట్టెలో ఉన్న మనవణ్ణి చూసి, నిలబడ్డ చోటే మొక్కుకున్నారు. పిల్లాడు దక్కితే పుట్టువెంట్రుకలు తిరుపతిలోనే తీయిస్తాననీ, అప్పటిదాకా కత్తెర తగలనివ్వననీ. పిల్లాడు దక్కాడు. దక్కడమే కాదు, ఏడాది తిరిగేసరికి నేను చంకనెత్తుకుంటే నడుం పట్టేసేది. జుట్టు మాత్రం వాడికంటే ముందు పరుగెత్తింది.

మావారు సౌదీలోని ధహ్రాన్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీలో ఇంజనీరు. పిల్లాడికి అయిదో నెల రాగానే, నాలుగేళ్ళ మా అమ్మాయినీ వాడినీ తీసుకుని నేనూ అక్కడికి చేరాను. పుట్టువెంట్రుకలు బేసి ఏట తీయించాలి. మొదటి ఏడు సైటులో పని తెమలక ఆయనకు సెలవు దొరకలేదు. రెండో ఏడు సరి సంవత్సరం, పనికిరాదు. మిగిలింది మూడో ఏడు. అది దాటితే మళ్ళీ అయిదో ఏడే. మా అత్తగారు ప్రతి ఉత్తరం చివరా 'పిల్లవాడి తల జాగ్రత్త' అని రాసేవారు. ఒళ్ళు సంగతి అడిగేవారు కాదు.

మావారికి మొక్కులమీద నమ్మకం తక్కువ. అంత పెద్ద దేవుడికి మన పిల్లాడి జుట్టేం తక్కువైందని నా దగ్గర తెగ వాదించేవారు. ఫోన్లో అత్తగారి గొంతు వినగానే పిల్లిలా అయిపోయి, అలాగేనమ్మా, తప్పకుండానమ్మా అనేవారు.

రెండున్నరేళ్ళు వచ్చేసరికి వాడి జుట్టు భుజాలు దాటింది, అదీ ఒత్తుగా, ఉంగరాలు తిరిగి. నేను నడినెత్తిన పిలక వేసేదాన్ని. మా అమ్మాయికి బొమ్మలు కొనిపెట్టే ఖర్చు తప్పింది. వాడికే రెండు జడలు వేసి, రిబ్బన్లు కట్టి, కంపెనీ ఇళ్ళ కాంపౌండంతా తిప్పుకొచ్చేది. పక్క ఊరు ఖోబార్ బజారులో నల్లటి అబాయా వేసుకున్న ఒక పెద్దావిడ వాడి బుగ్గ గిల్లి, మాషా అల్లా ఎంత చక్కటి పిల్ల అని మురిసిపోయి, సంచీలోంచి గులాబీరంగు గాజులు తీసి వాడి చేతులకు తొడిగింది. వాడు వారంరోజులు ఆ గాజులు తియ్యనివ్వలేదు. మంగలి దుకాణం నడిపే పాకిస్తానీ ముసలాయన మేము అటు వెళ్ళినప్పుడల్లా బయటికొచ్చి, వాడి నెత్తి వంక ఆశగా చూసి, నిట్టూర్చి లోపలికి వెళ్ళేవాడు.

వాడి మూడో పుట్టినరోజు ఫిబ్రవరిలో. జనవరిలో వెళ్ళి మొక్కు తీర్చుకు రావాలని అన్నీ సిద్ధం చేసుకున్నాం. పాస్‌పోర్టుల్లో వెళ్ళి రావడానికి ఎగ్జిట్ రీ-ఎంట్రీ ముద్ర పడింది. పెట్టెలు సర్దాను. అప్పటికే ఇరాక్ కువైట్‌ను ఆక్రమించిన గొడవతో ఊరంతా సైనికులు, ట్రక్కులు. అయినా మన ప్రయాణం దాకా ఆగకపోతుందా అనుకున్నాను. ఆగలేదు. యుద్ధం మొదలైంది, విమానాశ్రయం మూశారు. సర్దిన పెట్టెలు మంచం కిందకి తోసి, కిటికీలకు ప్లాస్టిక్ షీట్లు అంటించుకున్నాం.

కంపెనీ వాళ్ళు మమ్మల్నందర్నీ హాల్లోకి పిలిచి తలా ఒక అట్టపెట్టె ఇచ్చారు. అందులో, ఇరాక్ క్షిపణుల్లో పెట్టి వదులుతుందేమోనన్న విషవాయువు నుంచి కాపాడే మాస్కు. పిల్లలకు చిన్నవి. సేఫ్టీ ఆఫీసరు తెల్లదొర. మాస్కు తనే తొడుక్కుని చూపించి, రబ్బరు అంచు చర్మానికి అతుక్కోవాలి, మధ్యలో వెంట్రుకలు అడ్డుపడితే గాలి లోపలికి దూరుతుంది, అప్పుడు పెట్టుకున్నా ఒకటే పెట్టుకోకపోయినా ఒకటే అని చెప్పాడు. చెబుతూ చెబుతూ మా వాడి పిలక చూసి ఆగిపోయాడు. ఆ జుట్టు తీయించమన్నాడు. మావారు ఇంగ్లీషులో తిరుపతి, బేసి ఏడు, అత్తగారు, గాజుపెట్టె అన్నీ వివరించారు. దొర అంతా ఓపిగ్గా విని, క్షిపణికి ఇవేవీ తెలియవని మర్యాదగా చెప్పి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి వాడికి మాస్కు తొడిగి చూశాం. పిలక దగ్గర పట్టీ నిలవదు. పిలక విప్పితే ఉంగరాల జుట్టంతా నుదుటి మీదికి, చెవుల మీదికి పడి రబ్బరు కింద దూరుతుంది. జుట్టు మాట వినకపోతే మనవాళ్ళెవరికైనా తోచే వైద్యం ఒక్కటే. అర సీసా కొబ్బరినూనె వాడి నెత్తిన పోసి, అణిచి దువ్వి, వెనక్కి బిగించి జడ వేశాను. ఒక్క వెంట్రుక కూడా ముందుకు రాలేదు. గొప్ప పని చేశాననుకుంటూ మాస్కు తొడిగాను. అది సర్రున జారి వాడి మెడలో పడింది. ఇంకోసారి తొడిగితే ఇంకో పక్కకి జారింది. వాడికి ఈ ఆట భలే నచ్చింది. దిండ్లన్నీ నూనె. మావారు తల పట్టుకుని, పల్లెటూరి బుద్ధులు ఎక్కడికి పోతాయన్నారు. మీ అమ్మ మొక్కుని ఏమీ అనలేక నా నూనె మీద పడ్డారేం అన్నాను. 

నిజం చెప్పొద్దూ, నాకు లోపల గుబులుగానే ఉండేది. జుట్టు తీస్తే గాజుపెట్టెలోంచి బయటపడ్డ పిల్లాడికి మాట తప్పినందుకు ఏమవుతుందోనని ఒక భయం, తీయకపోతే నిజంగా విషవాయువు వచ్చిన రోజున ఏమవుతుందోనని ఇంకో భయం. క్షిపణి వస్తోందని సైరన్ మోగినప్పుడల్లా తడి తువ్వాలు వాడి మొహానికి కప్పి, నా గుండెలకు అదుముకుని కూర్చునేదాన్ని. యుద్ధం నాలుగు రోజుల్లో అయిపోతుందని అందరూ అంటున్నారు కదా, అందాకా దేవుడే చూసుకుంటాడని సర్దుకున్నాను.

నాలుగు రోజులు కాస్తా నాలుగు వారాలయ్యాయి. పుట్టినరోజు వచ్చేసింది. వేడుక వద్దని నేనంటే, పక్కింటి వదిన ఒప్పుకోలేదు. వాళ్ళది కరీంనగర్. వాళ్ళాయన అక్కడి ఆసుపత్రిలో సర్జను. వరస కలుపుకుని నేను ఆయన్ని అన్నయ్యా అంటే, మావారు బావా అనేవారు. వాళ్ళకిద్దరు పిల్లలు. స్కూళ్ళు మూసేసి పిల్లలంతా ఇళ్ళు పీకి పందిరేస్తున్నారు, ఒక్క పూటన్నా వాళ్ళకు సంబరం కావాలని వదిన పట్టుబట్టింది. బిర్యానీ తను వండుకొచ్చింది. నేను కుక్కర్లో ఇసక పోసి కేకు చేశాను. అది ఒక పక్క పొంగి ఒక పక్క అణిగింది. బోలెడంత క్రీము పూసి చదును చేశాను.

ఆ రోజుల్లో ఎవరింటికి వెళ్ళినా మాస్కు పెట్టె భుజాన ఉండాల్సిందే. పిల్లలు వచ్చీ రాగానే ఆ పెట్టెలు వరసగా పేర్చి రైలుబండి చేశారు. వాడు కొత్త పట్టు లాగూ చొక్కా, నెత్తిన పిలక, పిలకకు అక్క కట్టిన ఎర్ర రిబ్బను. కేకు ముందు నిలబెట్టి, కొవ్వొత్తి ఊదరా అనేసరికి సైరన్ మోగింది.

రైలుబండి చెదిరిపోయింది. ఎవరి పెట్టె వాళ్ళు దొరకపుచ్చుకుని పడగ్గదిలోకి పరుగెత్తాం. అన్నయ్య తలుపు కింద తడి తువ్వాలు కుక్కి టేపు వేశాడు. అందరూ మాస్కులు తొడుక్కున్నారు. అందరి మొహాలూ ఒక్కసారి మాయమై, వాటి స్థానంలో రబ్బరు మూతులు వచ్చేసరికి పుట్టినరోజు పిల్లాడు కెవ్వుమన్నాడు. వాడు ఏడ్చే కొద్దీ మాస్కు జారుతోంది. పిలక పట్టీని పైకి తోస్తోంది. బయట ఎక్కడో దబ్బుమని పేలింది, కిటికీ అద్దాలు అదిరాయి. నేను రెండు చేతులతో పట్టీ కిందికి లాగుతూనే ఉన్నాను.

టేపు కోసిన కత్తెర అన్నయ్య చేతిలోనే ఉంది. ఆయన నా వంక చూశాడు. మాస్కులోంచి ఆయన మాట బావిలోంచి వచ్చినట్టు వచ్చింది.

"చెల్లే, దేవుడు సూస్తడు. గ్యాసు సూడదు. నువ్వు ఊఁ అను, నే తీసేస్త."

నేను ఊఁ అనబోయాను. "ఆగు బావా, అమ్మకి మాటిచ్చాను" అన్నారు మావారు. మొక్కుల్ని ఎగతాళి చేసే మనిషి అన్న మాట అది. నాకు ఒళ్ళు మండింది.

"మీ అమ్మగారికి నేను చెప్పుకుంటాను. తియ్యండన్నయ్యా" అన్నాను.

అక్కడితో అయిపోవాలి. కానీ మనవాళ్ళం కదా. మొదటి కత్తెర మేనమామ వెయ్యాలి కదా అని వదినకు గుర్తొచ్చింది. మా తమ్ముడు కాకినాడలో ఉన్నాడు. రబ్బరు మూతుల్లోంచి పెద్ద చర్చ జరిగింది. ఒకరి మాట ఒకరికి వినబడదు, అందరూ చేతులు తిప్పుతున్నారు. చివరికి వదినే తేల్చింది. నేను ఆయన్ని అన్నయ్యా అంటున్నాను కాబట్టి ఆయనే మేనమామ. మేనమామ మంచం మీద బాసింపట్టు వేసుకుని పిల్లాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. తూర్పు ఎటో ఆయనకు తెలీదు, మా అమ్మాయి చూపించింది.

పిల్లాడు ఇంకా ఏడుస్తూనే ఉన్నాడు. మావారు వాడి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, రెండు అరచేతులతో మాస్కు అంచు వాడి మొహానికి అదిమి పట్టారు. ఆయన మాస్కు ఇంకా పెట్టెలోనే ఉంది. పెట్టుకోండి అంటే చేతులు ఖాళీ లేవన్నారు. నేను తీసి తొడగబోతే తల అడ్డంగా ఊపారు.

"నా మొహం ఒక్కటే కనబడుతోంది వాడికి. అదీ మూసేస్తే బెదిరిపోతాడు."

ఆ మొహంతోనే ఆయన వాడికి కోతి వేషాలు వేశారు, బుగ్గలు పూరించారు, కళ్ళు మెల్ల పెట్టారు. వాడు ఏడుపాపి చూస్తూ కూర్చున్నాడు. అన్నయ్య ఎర్ర రిబ్బనుతో సహా పిలక పట్టుకుని, గోవిందా అని కత్తెర వేశాడు. రోజుకు నలుగురి కడుపులు కోసే మనిషికి ఆ ఒక్క పిలక తెగడానికి మూడు వేట్లు పట్టాయి. తరువాత చెవుల దగ్గరా నుదుటి మీదా అందిన చోటల్లా కత్తిరించాడు. వదిన తన పసుపురంగు చున్నీ పరిచి ఒక్క వెంట్రుక కింద పడకుండా పట్టింది. మాస్కు అతుక్కుంది. వాడి ఊపిరికి అది లోపలికీ బయటికీ కదలడం చూశాక నేను గోడకు జారగిలబడి కూర్చుండిపోయాను.

ప్రమాదం లేదని సైరన్ మోగేదాకా అలాగే ఉన్నాం. విషవాయువు రాలేదు. అసలు ఆ యుద్ధంలో మా ఊళ్ళో ఎవరి మీదా రాలేదు, కానీ ఆ సంగతి మాకు అప్పుడు తెలీదు కదా. మాస్కులు తీసి చూస్తే పిల్లాడి నెత్తి ఎలకలు కొరికిన తివాచీలా ఉంది. అందరం పగలబడి నవ్వాం. నవ్వుతూనే నాకు ఏడుపొచ్చింది. వాడు మాత్రం నేరుగా వెళ్ళి కొవ్వొత్తి ఊదేశాడు. పాటైనా పాడనివ్వలేదు. చల్లారిన బిర్యానీ కంచాలు నాకి మరీ తిన్నాం.

మర్నాడు శుక్రవారం. అత్తగారు అమలాపురంలో రైసుమిల్లు వాళ్ళింట్లో ఫోను దగ్గర కాచుకుని కూర్చునే రోజు. చెప్పుకుంటానని గొప్పగా అన్నానే గాని, రిసీవరు ఆయన చేతిలో పెట్టేశాను. మావారే చెప్పారు. నేను రిసీవరుకు చెవి ఆనించి నిలబడ్డాను.  

"మొదటి కత్తెర ఎవరేశారు?" అని అడిగారు అత్తగారు.

మేనమామేనమ్మా అన్నారు ఈయన. కాకినాడలో ఉన్నవాడు అక్కడికెలా వచ్చాడని ఆవిడ. ఇక్కడి మేనమామ వేరే ఉన్నారని ఈయన. ఆయనకు బట్టలు పెట్టారా అని ఆవిడ. లేదమ్మా అంటే, బుద్ధుందా మీకు, ముందు ఆ పని చెయ్యండి అని కేకలేశారు. వెంట్రుకలు పసుపుగుడ్డలో మూటగట్టి ఉంచితే దారులు తెరిచాక కొండకు తీసుకెళ్ళవచ్చుననీ, స్వామికి లెక్క తను చెప్పుకుంటాననీ అన్నారు. మా ఇద్దరికీ పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇంతేనా, ఇందుకా ఇన్నాళ్ళు హడలి చచ్చామని ఆయన నా వంక చూసి నవ్వారు. అప్పుడు అత్తగారి గొంతు మారిపోయింది.

"వాడి సంగతి సరేరా నాన్నా. నువ్వు పెట్టుకున్నావా మాస్కు?"

ఆయన ముప్ఫై ఆరేళ్ళ మనిషి. రిసీవరు పట్టుకుని గోడ వైపు తిరిగారు.  అవతల ఆవిడ, ఏరా, పలకవేం, పెట్టుకున్నావా లేదా అంటున్నారు. కొడుకు మీద చాడీలు చెప్పడానికి ఏ శుక్రవారమూ వదలని నేను ఆయన చేతిలోంచి ఫోను లాక్కున్నాను.

"పెట్టుకున్నారత్తయ్యా. నేనే దగ్గరుండి తొడిగాను" అన్నాను.

ఆ సాయంత్రం మళ్ళీ సైరన్ మోగింది. పిల్లల్ని పడగ్గదిలోకి తోసి, తలుపు వేసి, ముందు ఆయన తల పట్టుకుని మాస్కు తొడిగాను. వద్దంటున్నా వినలేదు.