చిగురు వేసిన సరిహద్దు

ఇక్కడ నేను రాయబోయేదంతా నిజం. ఒట్టు. అదీ మామూలు ఒట్టు కాదు. ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా వచ్చే వేసవిలో మా కుళాయికి చుక్క నీరు రాకూడదు, విశాఖపట్నం ఓడకు నాకు జన్మలో టికెట్టు దొరకకూడదు. ద్వీపంలో పుట్టి పెరిగినవాడికి ఇంతకంటే పెద్ద ఒట్టు లేదు. నన్నెరిగినవాళ్లు ఈ మాట చదివి నవ్వుతారని తెలుసు. ఉప్పుటేరులో మొసలి పక్కకు జరిగి నాకు దారి ఇచ్చిందనీ, గాలివానకు మా రేకుల కప్పు ఎగిరి వెళ్లి ఆవలి ఒడ్డున బాంబూఫ్లాట్‌లో మా బావమరిది ఇంటిమీద వాలిందనీ చెప్పినవాణ్ణే నేను. అవి వేరు, ఇది వేరు.

ఈ ఉదయం వాన వెలిశాక మా ఆవిడ వరండాలో కూర్చుని మునగాకు దూస్తోంది. రెమ్మ పట్టుకుని సర్రున లాగినప్పుడల్లా ఒక పచ్చి వాసన లేస్తుంది చూడండి, కాస్త ఘాటుగా, కాస్త చేదుగా, తడి మట్టితో కలిసి. అది ముక్కుకు తగలగానే నాకు ఆకలి వేయదు, గవరయ్యగారు గుర్తొస్తారు. అప్పట్లో ఆయన మా మునిసిపాలిటీలో ఓవర్సీరు. నేను ఆయన కింద కొత్తగా చేరిన సర్వేయర్ని, ఇంకా ప్రొబేషన్ పూర్తికాని వాణ్ణి. మా ఊరి పేరు ఎందుకులెండి. ఈ ద్వీపాల్లో ఊరి పేరు చెప్పడమంటే మనుషుల చిరునామాలు చెప్పడమే.

గవరయ్యగారిది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు. స్వాతంత్ర్యం వచ్చిన తరవాత ఇక్కడ అడవి కొట్టి జనాన్ని దించుతున్న రోజుల్లో, కొలతలు తెలిసిన మనిషి కావాలంటే వచ్చి, ఇక్కడే ఉండిపోయారు. పొట్టి మనిషి. ఎవరి ఇంటి ఆవరణలోకి వెళ్లాలన్నా కంచె దగ్గరే బూట్లు విప్పేసేవారు. బురదలో వట్టి కాళ్లతో, ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, గుడిలోకి అడుగుపెట్టినట్టు వెళ్లేవారు. ఇంకో అలవాటు మరీ వింత. టేపు రెండో కొన మా మనుషుల చేతికి ఇచ్చేవారు కాదు. ఎవరి స్థలం కొలుస్తున్నామో వాళ్ల చేతికే ఇచ్చి పట్టుకోమనేవారు.

నేను ఉద్యోగంలో చేరిన మొదటి రోజే దాని సంగతి తెలిసింది. ఒక పెద్దమనిషి తన మేకలపాక రోడ్డులోకి వచ్చిందని మేం అంటామేమోనని ముందే కోపం తెచ్చుకుని, కొబ్బరికాయలు కొట్టే కత్తి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. నేను జీపు చాటుకు వెళ్లాను. గవరయ్యగారు బూట్లు విప్పి లోపలికి వెళ్లి, "భయ్యా, జరా ఈ కొన పట్టుకోండి. నాకు చూపు ఆనటం లేదు, అంకె మీరే చదివి చెప్పాల" అన్నారు. ఆ మనిషి ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, కత్తి కింద పెట్టి, టేపు పట్టుకున్నాడు. పాక నిజంగానే రెండడుగులు రోడ్డులో ఉంది. ఆ అంకె అతని నోటితోనే వచ్చింది. మరునాటికి పాక అతనే జరుపుకున్నాడు. తిరిగి వస్తుంటే గవరయ్యగారు నాతో అన్నారు, "టేపు పట్టుకున్నోడి చేతిలో కత్తి ఉండదురా రామ్మూర్తీ. రెండు చేతులూ కావాల కదా."

మా ఊరికి ఉన్న కష్టాలన్నీ పైనుంచి వచ్చేవే. ఏడాదిలో ఎనిమిది నెలలు వాన. కొండమీద పడ్డ నీరంతా వాలులో ఉన్న ఇళ్ల మధ్యనుంచి దూకుతూ, దారిలో దొరికిన చెప్పులూ గిన్నెలూ ఏరుకుని సముద్రానికి పోయేది. ఒకరి ఇంటి ఇడ్లీ పాత్ర ఇంకొకరి గుమ్మంలో తేలేది. చివరికి కౌన్సిలు కూర్చుని, కొండ భుజం మీద జపాను వాళ్లు యుద్ధకాలంలో కట్టి వదిలేసిన బంకరు దగ్గరనుంచి కిందిదాకా పక్కా కాలువ కట్టాలని తీర్మానం చేసింది. కాలువ అంచు ఎక్కడ వస్తుందో గుర్తుగా కొయ్య మేకులు పాతే పని నాకు అప్పగించారు. పడాక్ అనే గట్టి అడవిచెట్టు ఎండు కొయ్యతో చేసిన మేకులు స్టోరులో ఉన్నాయి. స్టోర్‌కీపరు మాత్రం తాళంచెవి జేబులో వేసుకుని సెలవుమీద మెయిన్‌లాండ్ వెళ్లాడు. తిరిగి రావలసిన ఓడ రాలేదు.

నేను ఆగవలసింది. ఆగలేదు. వాలులో నూకాలమ్మ అని ఒకావిడ ఉండేది. భర్త రంపపు మిల్లులో పనిచేసి పోయాడు. పోయేముందు ఇంటికి ముందువైపు ఒక చెక్కగది కట్టి వెళ్లాడు. అందులో కుట్టుమిషను పెట్టుకుని ఆ చుట్టుపక్కల స్కూలు పిల్లల యూనిఫారాలన్నీ ఆవిడే కుట్టేది. ఆవిడ కంచె నిండా మునగ. నేను అటూ ఇటూ చూస్తుంటే తనే పిలిచింది.

"ఏటి భయ్యా, కర్రలు గావాలా?"

"మేకులకి కావాలి దీదీ. ఓ ఇరవై."

"నరుక్కో. మునక్కేటి, నరికితే మరింతొస్తాది. మా చెల్లి సిప్పీఘాట్ నుంచి ఒక్క కొమ్మ తెచ్చింది. సూడు, ఎలగైపోనాదో."

నరికాను. మొనలు చెక్కాను. తలలకు ఎర్రరంగు పూశాను. తాడు పట్టి వరసగా పాతాను. మునగ కొమ్మ నేలలో గుచ్చితే ఏమవుతుందో తెలియని తెలుగువాడు ఉండడు. కానీ ఆ క్షణాన నాకు అది కొమ్మ కాదు, మేకు. ప్రభుత్వం పాతినది చిగురిస్తుందని ఎవరనుకుంటారు?

వానలు మొదలయ్యాయి. పదిహేను రోజులకు ఎర్రరంగు కడుక్కుపోయింది. నెల తిరక్కుండానే ప్రతి మేకు తలమీదా రెండు పచ్చని చెవులు లేచాయి. ఏడాది తిరిగేసరికి మా మునిసిపల్ సరిహద్దు నా తల దాటింది. పనికి అనుమతులు రావడం ఆలస్యమై, పై సంవత్సరం అది కాపుకు కూడా వచ్చింది. ఆ కాయల పొడవు చెప్పను, మీరు నమ్మరు. మొత్తానికి ఊరంతా వండుకుంది. చైర్మన్ సాబ్ ఇక్కడే పుట్టిన హిందీ మనిషి, తెలుగువాళ్ల సాంబారంటే ప్రాణం. ఆయన పళ్లెంలోకీ ఆ కాయలే వెళ్లాయి. కౌన్సిలు తీర్మానం చేసిన సరిహద్దును కౌన్సిలే నమిలి పిప్పి ఊసింది. నూకాలమ్మ కూడా ఊరుకోలేదు. పశువులు రాకుండా కంచె ముందుకు ఇంకొక వరస కొమ్మలు గుచ్చింది. ఇప్పుడు ఏది కంచె, ఏది కాలువ గుర్తు? రెండూ ఒకే ఎత్తు, ఒకే ఆకు, ఒకే పూత.

ఎట్టకేలకు అనుమతి వచ్చింది. కాలువకు అడ్డొచ్చే కట్టడాల జాబితా తయారు చేయాలి. సరిగ్గా అప్పుడే గవరయ్యగారు కంటి ఆపరేషనుకు విశాఖ వెళ్లారు. వెళ్తూ, "కొలతలు జాగ్రత్తరా. నాను వచ్చీవరకూ ఆగినా పర్లేదు" అన్నారు. ఈసారీ ఆగలేదు. ఒక వానరోజు వెళ్లాను. నూకాలమ్మ కుట్టిన బట్టలు ఇవ్వడానికి బజారుకు పోయింది. టేపు పట్టుకునేందుకు ఎవరూ లేరు. కొనను ఒక మునగచెట్టుకు కట్టేసి, అక్కడినుంచి ఇంటివైపు కాలువ వెడల్పు కొలిచాను. ముందుగది నాలుగడుగులు కాలువలోకి వచ్చింది. జాబితాలో రాశాను. గది పడగొడతామని నోటీసు తయారైంది. దాన్ని తలుపుకు అంటించినవాణ్ణి కూడా నేనే.

మరునాడే ఆవిడ ఆఫీసుకు వచ్చింది. చేతిలో ఆ నోటీసు, అంటించిన జిగురు ఇంకా తడిగానే ఉంది.

"ఏటి భయ్యా ఇది? సదవడం రాదు నాకు. పక్కింటోలు సదివి సెప్పినారు. నా కమరా కొట్టెస్తారంట?"

"కాలువలోకి వచ్చింది దీదీ. కొలత అలా ఉంది."

"కొలతెవలు సూసినారు? నానైతే సూళ్లేదు. నీ మేకులకి కర్రలిచ్చింది నానే. ఆ కర్రలొచ్చి నా ఇల్లు కొట్టెమంతన్నాయా?" కళ్లు తుడుచుకోలేదు. తుడుచుకోవలసిన తడి కూడా లేదు. "మిషను ఏడెట్టుకోను సెప్పు. వానలో ఎట్టుకోనా?"

నేను ఫైలు తిరగేస్తూ కూర్చున్నాను. ఏమీ రాయని పేజీలను కూడా శ్రద్ధగా తిరగేశాను.

ఆ వారమే గవరయ్యగారు నల్లకళ్లద్దాలతో ఓడ దిగారు. జాబితా చదివించుకున్నారు. ఒక్కటే అడిగారు.

"నూకాలమ్మ ఇంటికాడ రెండో కొన ఎవరు పట్టుకున్నారు?"

"చెట్టు, సార్."

"చెట్టు అంకె చదివిందేటిరా?"

అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కర్ర సాయంతో వాలెక్కారు. కంచె దగ్గర బూట్లు విప్పారు. మళ్లీ కొలత జపాను బంకరు మూలనుంచి మొదలుపెట్టించారు. "కాంక్రీటుకి చిగురు రాదు గదా" అన్నారు. నూకాలమ్మ కొన పట్టుకుని నడిచింది. అంకెలు రావు కాబట్టి టేపుమీద వేలు పెట్టి చూపించేది, నేను చదివేవాణ్ణి. తీరా చూస్తే నేను టేపు కట్టింది కాలువ గుర్తుకు కాదు, ఆవిడ కంచె కొమ్మకు. అసలు అంచు అవతల ఉంది. ఆవిడ గదికీ కాలువకూ మధ్య ఇంకా మూరెడు ఖాళీ ఉంది.

"మరైతే నా కమరా ఉంటాదా, ఓర్సీరు బాబూ?"

"నేల ఉంటాదనే అంటంది. కౌన్సిలు సేత కూడా అనిపించాల" అన్నారాయన.

అదే చిక్కు. నోటీసు అప్పటికే కౌన్సిలు ముందుకు వెళ్లిపోయింది. కూలీలకు రోజు కూడా ఖాయమైంది. దాన్ని వెనక్కు తీసుకోవాలంటే కొలత తప్పని ఎవరో ఒకరు నిండు సభలో చెప్పాలి. చెప్పినవాడికి మర్నాడు ఉద్యోగం ఉంటుందో ఉండదో. నా ప్రొబేషన్ పూర్తికావడానికి ఇంకా రెండు నెలలుంది. ఇంట్లో నా జీతం తప్ప వేరే ఆధారం లేదు. గవరయ్యగారు కర్ర ఆనించుకుంటూ ముందు నడిచారు. నేను టేపు చుట్టుకుంటూ వెనకే వచ్చాను.

సభ రోజు బయట రేకులమీద వాన, లోపల చైర్మన్ సాబ్, చుట్టూ మెంబర్లు, గోడవారన బెంచీమీద మేం. వెనక తలుపు దగ్గర నూకాలమ్మ. జాబితా చదువుతూ గుమస్తా ఆవిడ పేరు దగ్గరకు వచ్చాడు. నేను లేచి నిలబడ్డాను. ఊపిరి పీల్చుకుని అన్నాను, "చైర్మన్ సాబ్, ఈ కొలత తప్పు. మేకులకు బదులు పచ్చి మునగకొమ్మలు పాతింది నేను. కంచెకూ కాలువకూ తేడా తెలియకుండా కొలిచింది నేను. ఆవిడ గది పడగొట్టే ముందు నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యండి." "మునగా? వహీ, జో హమ్ సబ్‌నే ఖాయా?" అన్నారు చైర్మన్ సాబ్. మనమంతా తిన్నది అదేనా అని. ఒక మెంబరు పకాలున నవ్వాడు, ఆ నవ్వు సభంతా పాకింది. నోటీసు రద్దు చేశారు. నూకాలమ్మ తలుపు దగ్గరే కూలబడి చెంగుతో మొహం కప్పుకుంది. గవరయ్యగారు నల్లకళ్లద్దాల వెనకనుంచి నావైపు చూసి తల ఊపారు.

కాలువ కట్టారు. ఇప్పటికీ ఉంది. ఆ ముందుగదిలో చాలా ఏళ్లు మిషను ఆడింది. గవరయ్యగారు రిటైరై, ఇక్కడే కన్నుమూశారు. నేను సర్వేయరుగానే తల నెరిపించుకున్నాను. కొలతకు వెళ్లిన ప్రతిచోటా బూట్లు విప్పాను, కొన ఇంటివాళ్ల చేతికే ఇచ్చాను. కొత్తగా చేరినవాళ్లు నవ్వుతారు, నవ్వనీ.

ఇంతదాకా వచ్చాక, ఇందులో ఏది కల్పించానో మీకు మీరే ఊహించుకుని ఉంటారు. చిగుళ్లు వేసిన మేకులేగా? కాదు. అవి నిజం. చైర్మన్ సాబ్ పళ్లెంలో సరిహద్దు పడిందీ నిజమే. ఒట్టు తప్పింది ఒక్కచోటే.

ఆ రోజు సభలో లేచింది నేను కాదు.

లేవాలనే అనుకున్నాను. గుమస్తా నూకాలమ్మ పేరు చదివినప్పుడు బెంచీని రెండు చేతులా పట్టుకున్నాను కూడా. లేవలేదు. పక్కనుంచి గవరయ్యగారు నెమ్మదిగా లేచారు. "మునగకొమ్మలు పాతమన్నది నేనే సాబ్. ఆ చెట్టునుంచి కొలవమన్నదీ నేనే. చూపు లేక పొరపాటు పడ్డాను" అన్నారు. ఎవరూ నవ్వలేదు. నోటీసు రద్దయింది గాని, ఆయన సర్వీసు పుస్తకంలో ఒక వాక్యం ఎక్కింది. రిటైరయ్యేలోపు రావలసిన ప్రమోషను రాలేదు. రెండు నెలలకు నా ఉద్యోగం ఖాయమైంది. ఆ కాగితం తీసుకెళ్లి చూపిస్తే, "మంచిది నాయనా, ఇంటికాడ సెప్పీసేవా?" అని మాత్రం అడిగారు. ఆ సంగతి ఆయన మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. చివరిదాకా.

ఈ కథ ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఓడమీద చెప్పాను, టీ కొట్లో చెప్పాను, మా ఆవిడకు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ లేచి నిలబడ్డాను. ఆ ఒక్కసారి తప్ప.