ముప్పై దగ్గర ముల్లు

బందరు రోడ్డు మీద ఉయ్యూరు, పామర్రుల మధ్య టీ కొట్ల వాళ్లు బాలశౌరిని చూడకుండానే పోల్చుకునేవారు. ఆయన రాజ్‌దూత్ మోటారు సైకిలు శబ్దం వినిపించిన చాలాసేపటికి గాని మనిషి కనబడేవాడు కాదు. గంటకు ముప్పై కిలోమీటర్లు. బలమైన కుర్రవాళ్లు సైకిళ్ల మీద ఆయనను దాటిపోతూ వెనక్కి తిరిగి నవ్వేవారు. పిరికివాడని అందరూ అనుకునేవారు.

అది నిజం కాదు. పామర్రు దగ్గర కాలువ కట్ట మీద ఉన్న చిన్న మిషన్ ఆసుపత్రిలో ఆయన లేబొరేటరీ టెక్నీషియను. 1970లో ఆసుపత్రి వారు ఆయనకు ఆ బండి ఇచ్చినప్పుడు, కంకిపాడు దాటాక వచ్చే తిన్నని రోడ్డు మీద ఎనభై అయిదు వరకు నడిపారు. ఆ వేగం ఆయనకు ఇష్టంగా ఉండేది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

1971 సెప్టెంబరులో ఒక రోగి కోసం విజయవాడ నుంచి నెత్తురు సీసాను యాభై నిమిషాల్లో తెచ్చారు. నిలవ ఉన్న నెత్తురును కదల్చకుండా ఉంచితే ఎర్రకణాలు అడుగుకు దిగి, పైన ఎండుగడ్డి రంగులో తేట నిలుస్తుంది. కుదుపు ఎక్కువైతే కణాలు పగిలి ఆ తేట ఎర్రబడుతుంది. అటువంటి నెత్తురు ఎక్కిస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయి. డాక్టరు మణెమ్మ గారు ఆ సీసాను కిటికీ దగ్గర నిలబెట్టి, పైన వేలు మందం తేట ఏర్పడే దాకా చూశారు. తేట దానిమ్మ రసంలా ఉంది. ఆవిడ సీసాను బేసినులో వంపేశారు. రెండో సీసా వచ్చే దాకా ఆ రోగి బతకలేదు.

ఆ తరువాత బాలశౌరి బ్లడ్ బ్యాంకు వారిని అడిగి, గడువు దాటిన సీసాలు నాలుగు తెచ్చుకున్నారు. వార్డు నౌకరు జక్కయ్యను వెనక కూర్చోబెట్టి, సీసాను అతని ఒడిలో పెట్టి, ఒకే రోడ్డు మీద నాలుగు వేగాలతో నడిపారు. మనిషి ఒడి అంత మెత్తని స్ప్రింగు మరొకటి లేదని అప్పుడే తేలింది. ఫలితాలను నోటు పుస్తకంలో రాసుకున్నారు. ఇరవై అయిదు: గడ్డి రంగు. ముప్పై: గడ్డి రంగు. నలభై: లేత గులాబి. యాభై: ఎరుపు. ముప్పైకీ నలభైకీ మధ్య ముప్పై అయిదు అని కూడా ఒక వరుస గీశారు గాని, అయిదో సీసా దొరకలేదు. ఆ వరుస ఖాళీగా ఉండిపోయింది. ఆనాటి నుంచి తారు రోడ్డు మీద ముప్పై, కట్ట మీద పదిహేను. సీసా లేని రోజు కూడా అంతే. చేతికి రెండు అలవాట్లు నేర్పకూడదని ఆయన అభిప్రాయం.

1974 ఫిబ్రవరి 27, బుధవారం. తెల్లవారుజామున సత్యం అనే నేతపనివాడి భార్య చౌడేశ్వరి ఆ ఆసుపత్రిలో ఆడపిల్లను కన్నది. బిడ్డ బాగానే ఉంది. తల్లికి రక్తస్రావం ఆగలేదు. ఆమె నెత్తురు ఓ నెగటివ్ గ్రూపు. చుట్టుపక్కల ఇచ్చేవారెవరూ లేరు. కదిలిస్తే దారిలోనే పోతుందని మణెమ్మ గారు సెలైను పెట్టి, బాలశౌరిని పిలిచారు.

ఎనిమిది గంటల పది నిమిషాలకు ఆయన ఆమె నెత్తురు నమూనా ఉన్న గొట్టంతో బయలుదేరారు. గొట్టంలోని నెత్తురు కూడా కుదుపుకు చెడుతుంది కాబట్టి పోయేటప్పుడూ ముప్పైయే. వెనక సత్యం కూర్చున్నాడు. బ్లడ్ బ్యాంకులో సీసాకు బదులుగా తన నెత్తురిచ్చాడు. చౌడేశ్వరి నమూనా, సీసాలోని నెత్తురు కలుస్తాయో లేదో పరీక్షించి సీసా చేతికిచ్చేసరికి పది గంటల యాభై రెండు నిమిషాలు. మంచు ముక్కల సంచిలో సీసాను నిలబెట్టి, చుట్టూ సత్యం తన తువ్వాలు చుట్టాడు. అది అతడు నేసుకున్నదే. సంచిని రొమ్ముకు ఆనించుకుని వెనక ఎక్కాడు.

పటమట దాటాక సత్యం ముందుకు వంగాడు.

“కొంచెం పోనీయండి, కాంపౌండరు గారూ.”

తాను కాంపౌండరును కానని బాలశౌరి చెప్పలేదు. “పోతున్నామండి,” అన్నారు.

“సైకిలు దాటిపోయిందండి మనల్ని.”

“చూశానండి.”

కంకిపాడు తరువాత రోడ్డు ఖాళీగా ఉంది. ఎడమవైపు కాలువ, కుడివైపు కోత కోసిన మినుము చేలు.

“ఎవరూ లేరు గదండీ. ఎవరడ్డమండి మనకి?”

“సీసా అండి.”

సత్యానికి అర్థం కాలేదని ఊపిరిని బట్టి తెలిసింది. బాలశౌరి తల కొద్దిగా పక్కకు తిప్పి అడిగారు. “మగ్గం మీద పోగు తెగితే ఏం చేస్తారండీ మీరు?”

“అతుకుతామండి.”

“దీన్ని అతకలేమండి. కుదిపితే లోపల తెగిపోద్ది. తెగింది ఎక్కిస్తే మనిషికే ప్రమాదం.”

ఒక కిలోమీటరు రాయి దాటింది. అప్పుడు సత్యం, “అక్కడున్న మనిషినీ అతకలేంగా అండీ,” అన్నాడు.

కుడిచేయి దానంతటది యాక్సిలరేటరును తిప్పడం బాలశౌరి గమనించలేదు. గాలి శబ్దం మారింది. చూస్తే వేగం చూపే ముల్లు ముప్పై నాలుగు దాటుతోంది. వెనక సత్యం ఊపిరి బిగబట్టి ఉన్నాడు. నోటు పుస్తకంలోని ఖాళీ వరుస ఆయన కళ్ల ముందు కనబడింది. ముప్పై అయిదు దగ్గర తేట గడ్డి రంగులో ఉంటుందేమో. గులాబిగా ఉంటుందేమో. తెలియనిదాన్ని తెలిసినట్టుగా ఆమె నరంలోకి ఎక్కించలేరు. చేయి సడలించారు. ముల్లు ముప్పైకి దిగింది. వెనక సత్యం ఊపిరి వదిలిన చప్పుడు వినబడింది.

ఉయ్యూరు దగ్గర చెరకు బళ్లు ఫ్యాక్టరీ వైపు వరుసగా పోతున్నాయి. వాటి వెనక మరింత తగ్గవలసి వచ్చింది. గడల మీద కూర్చున్న బండివాడు తువ్వాలు మూటను చూసి పలకరించాడు.

“ఏం బాబూ, ఎనకాల పసిబిడ్డా? గాలి తగలకుండా తోల్తన్నావు.”

బాలశౌరి నవ్వలేదు. సత్యం మాత్రం ఎవరితోనో చెప్పినట్టు, “నా కూతుర్ని నేనింకా ఎత్తుకోనే లేదండి,” అన్నాడు. మంచు కరిగి అతని పంచె తడిసి మోకాళ్లకు అంటుకుంది.

ఆపైన రెండు చోట్ల రైతులు మినుము చెట్టును రోడ్డంతా పరిచి ఉంచారు. బస్సు చక్రాలే వాళ్లకు నూర్పిడి. మోటారు సైకిలు దాని మీద జారుతుంది. దిగి, బండిని నడిపించి, మళ్లీ ఎక్కారు. తారు రోడ్డు నలభై కిలోమీటర్లకు ఎనభై ఏడు నిమిషాలు పట్టింది. కట్ట మీద నాలుగు కిలోమీటర్లకు పదహారు.

పన్నెండు ముప్పై అయిదుకు ఆసుపత్రి ముందు బండి ఆగింది. మణెమ్మ గారు వరండాలోనే ఉన్నారు. సీసా కోసం ఎదురు రాలేదు. అది చూసి బాలశౌరి ఇంజను ఆపి, అలాగే కూర్చుండిపోయారు.

చౌడేశ్వరి తొమ్మిది నిమిషాల క్రితం పోయింది.

సత్యం సంచిని దించలేదు. లోపల అతని అత్తగారు వెంకటరావమ్మ ఏడుపు వినబడుతోంది. అతడు మణెమ్మ గారినే చూస్తూ అడిగాడు.

“ఇంకొంచెం ముందొస్తే బతికేదా అమ్మా?”

“చెప్పలేనయ్యా.”

అప్పుడు బాలశౌరి వైపు తిరిగాడు.

“నాకూ తెలియదండి,” అన్నారు బాలశౌరి.

కాని లెక్క ఆయన మనసులో అప్పటికే పూర్తయింది. నలభై కిలోమీటర్లు ముప్పై అయిదులో వస్తే పదకొండు నిమిషాలు మిగిలేవి. సీసా పన్నెండు ఇరవై నాలుగుకు చేరేది. ఆమెకు ఇంకా రెండు నిమిషాలు ఉండేవి. రెండు నిమిషాల్లో సూది గుచ్చవచ్చు. అంతకుమించి ఏం జరిగేదో ఏ లెక్కా చెప్పదు. తేట ఏ రంగులో ఉండేదో అసలే చెప్పదు.

అలవాటు ప్రకారం సీసాను తీసుకుపోయి కిటికీ దగ్గర ఐసుపెట్టెలో నిలబెట్టారు. అరగంట తరువాత పెట్టె మూత తీసి చూస్తే పైన వేలు మందం తేట ఏర్పడింది. గడ్డి రంగు. ఏ లోపమూ లేదు.

మూత విప్పని సీసాను ఆ రోజే తిరిగి అప్పగించాలి. విజయవాడలో ఓ నెగటివ్ కోసం ఇంకొకరు ఎదురుచూస్తుండవచ్చు. బాలశౌరి సంచిలో కొత్త మంచు నింపి, తువ్వాలును మడిచి సత్యానికి ఇవ్వబోయారు. అప్పుడు అతని చేతుల్లో బిడ్డ ఉంది.

“చుట్టండి,” అన్నాడు సత్యం. “దారిలో కదలకుండా ఉంటది.”

ఈసారి వెనక జక్కయ్య ఎక్కాడు. ఉయ్యూరు చేరారు. పొద్దు వాలుతోంది. చెరకు బళ్లు ఖాళీగా వెనక్కి వస్తున్నాయి. ఆ తరువాత తిన్నని రోడ్డు వచ్చింది.

“అయ్యా,” అన్నాడు జక్కయ్య, “ఆ ముప్పై అయిదేదో ఇప్పుడు చూద్దామా? నేను పట్టుకునే ఉన్నాగా. మీ మనసులో ముల్లు పోద్ది.”

ఆ మాట అనక ముందు నుంచే ఆ కోరిక బాలశౌరి కుడిచేతిలో ఉంది. అయిదు కిలోమీటర్లు చాలు. బ్లడ్ బ్యాంకు బల్ల మీద సీసా అరగంట నిలబడితే ఆ వరుస నిండిపోతుంది.

“ఇది గడువు దాటిన సీసా కాదు జక్కయ్యా.”

“ఎవరికి తెలుస్తదండి?”

“ఎక్కించుకునే వాళ్లకి తెలుస్తది.”

విజయవాడ చేరేవరకు ముల్లు ముప్పై దగ్గరే ఉంది. ఒక సైకిలు వాళ్లను దాటిపోయింది.

ఏప్రిల్ రెండో వారంలో బ్లడ్ బ్యాంకు నుంచి కబురు వచ్చింది. గడువు దాటిన సీసా ఒకటి ఉందని, కావాలంటే తీసుకుపొమ్మని. బాలశౌరి విజయవాడ వెళ్లి, దాన్ని చేతిలోకి తీసుకుని చూసి, మళ్లీ బల్ల మీద పెట్టారు. ముప్పై అయిదులో తేట గడ్డి రంగులోనే ఉంటే, చౌడేశ్వరికి ఆ రెండు నిమిషాలు నిజంగానే ఉండేవని తేలిపోతుంది. అక్కరలేదని చెప్పి వచ్చేశారు. నోటు పుస్తకంలో ముప్పై అయిదు ఎదుట ఆయన ఏమీ రాయలేదు.