కంప్యూటర్ గది బయట చెప్పులు

మొన్న ఆమదాలవలస స్టేషన్లో రైలు కోసం కూర్చుని ఉంటే, పక్కనున్నావిడ ఫోన్లో పాము ఆట ఆడుకుంటోంది. అదే, గింజలు తింటూ పొడుగై, చివరికి తన తోక తనే కొరుక్కుని చచ్చే పాము. పరాయి మనిషి ఫోన్లోకి తొంగి చూడకూడదని తెలిసినా చూస్తూనే ఉండిపోయాను, బండి కొద్దిలో తప్పేది.

మన తరానికి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో కంప్యూటరంటే దేవుడే. నేను పరిశోధన చేసిన విజయనగరం కాలేజీలో సైన్సు విభాగాలన్నిటికీ కలిపి ఒకటే ఉండేది. దానికి ఏసీ గది, గుడ్డ ముసుగు, నుదుట కుంకుమబొట్టు. వెళ్లేవాళ్లు చెప్పులు గుమ్మం బయట విడవాలి. దుమ్ము పడకుండా అనేవారు గానీ అందులో సగం భక్తే. చిక్కల్లా, ఆ చెప్పుల్ని చూసి లోపల ఎవరున్నారో, ఎంతసేపటి నుంచి ఉన్నారో అందరికీ తెలిసిపోయేది. అందుకని పాము ఆట ఆడాలనిపించిన రోజున నేను చెప్పులు సంచీలో దాచుకుని వెళ్లేదాన్ని.

నా ఎం.ఫిల్. పరిశోధన గోగునార మీద. పోగుకు తూకపు రాళ్లు వేలాడదీసి ఎంత బరువుకు తెగుతుందో చూడటమే పని. పుస్తకంలో రాయమని మా గురువుగారు ఎంత మొత్తుకున్నా వినకుండా, చిత్తుకాగితాల మీద రాసుకుని, సాయంత్రం ఫ్లాపీలోకి ఎక్కించి, కాగితాలు పారేసేదాన్ని. కొత్త మోజు మరి. ఒకరోజు స్నేహితురాలు ఇంకో రకం పాము ఆట తెచ్చింది. ఫ్లాపీలో చోటు చాల్లేదు. పాత ఫైలేదో అనుకుని ఒకటి చెరిపేశాను. మర్నాడు చూసుకుంటే మూడు నెలల రీడింగులు లేవు.

ఇంట్లో నా చదువుకిచ్చిన గడువు ఏడాది. అప్పటికే ఎనిమిది నెలలు గడిచాయి. గురువుగారు పొమ్మంటే ఇంటికి పోవడమే. రెండు రోజులు అన్నం సహించలేదు. మూడోనాడు చెప్పేద్దామని వెతికితే ఆయన ఎక్కడా లేరు. ఏడవడానికైనా చాటు దొరుకుతుందని, అలవాటుగా చెప్పులు సంచీలో వేసుకుని, గుమ్మం ముందు ఏ జతా లేని కంప్యూటర్ గదిలోకి వెళ్లాను.

లోపల గురువుగారు పాము ఆట ఆడుకుంటున్నారు. కుర్చీ కింద, వార్తాపత్రికలో చుట్టి, ఆయన చెప్పులు. నన్ను చూసిన కంగారులో పాము గోడకు కొట్టుకుని చచ్చింది. పాఠం చెప్పేటప్పుడు తప్ప ఆయనది పాతపట్నం మాటే.

"ఏటమ్మా, నీ సెప్పులు బయట లేవేటి?" అన్నారు, తెరిచిన తలుపులోంచి గుమ్మం వంక చూసి.

నేను సంచీ చూపించి, ఏడుస్తూ మొత్తం చెప్పేశాను. ఆయన ఆట ఆపేసి, కుర్చీ నా వైపు తిప్పుకున్నారు.

"నానూ దాసుకున్నోణ్ణే, నిన్నేటని తిడతాను? రేపట్నించి మళ్లీ తూద్దాం. ఈసారి పుస్తకంలో రాయి."

ఉత్తమాట కాదు. మూడు నెలలపాటు, పాఠాలయ్యాక రోజూ ఆయనే రాళ్లు వేలాడదీసి అంకె చెబుతుంటే నేను పుస్తకంలో రాసుకున్నాను. పని ముగిశాక ఇద్దరం చెరో ఆటా ఆడేవాళ్లం, చెప్పులు గుమ్మం బయటే పక్కపక్కన విడిచి. గడువుకు పది రోజుల ముందే నా సిద్ధాంత గ్రంథం పూర్తయింది. నాకు ఉద్యోగమంటూ, జీవితమంటూ వచ్చిందంటే ఆ మూడు నెలల చలవే.

మొన్నటి నా ప్రయాణం ఆ కాలేజీకే. గురువుగారు పోయి చాలా ఏళ్లయింది. ఆ గది ఇప్పుడు పెద్ద ల్యాబు. ప్రతి బల్ల మీదా కంప్యూటరు, పిల్లలు బూట్లతోనే తిరుగుతున్నారు, ఎవరి తెర వాళ్లది. పని సులువైంది, మంచిదే. నేను మాత్రం అలా వెళ్లడం చేతకాక గుమ్మం దగ్గర చెప్పులు విప్పాను. ఎందుకు మేడమ్ అని ఒకమ్మాయి అడిగితే, పాత అలవాటమ్మా అన్నాను.

తిరిగొచ్చేటప్పుడు, తెలిసి తెలిసీ, పక్కన ఇంకో జత కోసం చూశాను. నావే ఉన్నాయి.