ఎడమ నుంచి లెక్కపెట్టమన్నాను

ఒక అబద్ధాన్ని చాలా ఏళ్లుగా మోస్తున్నాను. చిన్నదే. ఒక్క మాట. దాన్ని లోపల దాచుకునే సత్యం గురించి ఉపన్యాసాలిచ్చాను. ఇక నావల్ల కావడం లేదు. మీరు వినండి.

ఎవరు చెప్పినా నమ్మొద్దు, కారణం అడగండి అని జగ్గయ్యపేట నుంచి కంచికచర్ల దాకా సభల్లో అరిచినవాడిని. బాబాలను తిట్టాను, జాతకాలను తిట్టాను, కులాన్ని తిట్టాను. తిట్టాల్సినవే. కానీ కారణం అడిగిన ఒక మనిషి నోరు నేనే మూయించాను.

అప్పుడు నందిగామలో ఇంటర్ మొదటి సంవత్సరం. దానియేలూ నేనూ జగ్గయ్యపేటలో ఒకే బస్సెక్కేవాళ్లం. వాళ్లమ్మ మా మిరప చేలో కూలికి వచ్చేది. క్లాసులో మాత్రం వాడిదే ముందు స్థానం. కాయ కోతలప్పుడు వాడూ అమ్మతోపాటు మా చేలోకి వెళ్లి కాలేజీ మానేశాడు. సరిగ్గా అప్పుడే మాస్టారు కర్బన సమ్మేళనాలకు పేర్లు పెట్టే పద్ధతి చెప్పారు. కార్బన్ల గొలుసుకు ఏ చివర దగ్గరగా కొమ్మ ఉంటే ఆ చివర నుంచే అంకెలు వేయాలి. ఎవరు ఎటు తిప్పి గీసినా ఒక పదార్థానికి ఒకే పేరు. ఎంత అందమైన నియమం! నాకు బాగా అర్థమైంది. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

ఆ పాఠం మీద పెట్టే పరీక్షలో ఫస్టు వచ్చినవాడికి విజయవాడలో ఉచితంగా కోచింగ్ ఇప్పిస్తామన్నారు. పరీక్ష రోజు ఉదయం బస్సులో దానియేలు నా పక్కన కూర్చున్నాడు.

"ఒరే, ఆ పేర్లు పెట్టడం చెప్పరా. మీ కాయలు కోస్తా కూచుంటే నా పాఠం పోయింది," అన్నాడు నవ్వుతూ.

అద్దం మీది దుమ్ములో ఐదు కార్బన్ల గొలుసు గీశాను. కుడి నుంచి రెండోదానికి మిథైల్ కొమ్మ.

"ఎడమ నుంచి లెక్కపెట్టు. నాలుగు. ఫోర్ మిథైల్ పెంటేన్."

వాడు కుడి నుంచి వేలు జరిపాడు. "ఇటునుంచైతే రెండేగా? చిన్న నంబరుండగా పెద్దది ఎందుకురా?"

"ఎప్పుడూ ఎడమ నుంచేరా. తెలుగు రాసినట్టే."

"ఎందుకని?"

"మాస్టారు చెప్పారు. నేను విన్నా. నువ్వు రాలేదుగా?"

"ఏదీ, పుస్తకం ఒకసారి ఇయ్యి."

"ఇంట్లో మర్చిపోయా."

పుస్తకం నా ఒళ్లో సంచిలోనే ఉంది.

"సరేలే, నువ్వు చెప్పావంటే అంతేగా," అన్నాడు.

వాడు అన్నీ ఎడమ నుంచే లెక్కపెట్టి రాశాడు. ఫస్టు నాకొచ్చింది. మాస్టారు వాడి పేపరు పైకెత్తి, "బుర్ర చేలో వదిలేసి వచ్చావా?" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. తరవాత దానియేలు నాతో, "నేనే తప్పు విన్నట్టున్నాలేరా," అన్నాడు.

ఎందుకు చేశాను? అసూయ అని రాసి తప్పుకోవచ్చు. కానీ వాడి స్థానంలో మా బంధువుల కుర్రాడుంటే చేసేవాడినా? లేదు. మా చేలో కాయలు కోసేవాడు నాకంటే ముందుండటమే నాకు కంటగింపు. ఫీజు కట్టగల తండ్రి ఉన్న నాకు ఆ సీటు అవసరం కూడా కాదు. వాడికి రాకూడదు, అంతే.

దానియేలు ఇంటర్‌తో చదువు ఆపేశాడు. ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలెత్తే పనిలో చేరాడు. ఆ ఒక్క పరీక్షే కారణమా? కాకపోవచ్చని నాతో నేను చాలాసార్లు వాదించుకున్నాను. వాదించడం నాకు బాగా వచ్చు. మొన్న జగ్గయ్యపేట సభకు వాడు కూతుర్ని తీసుకొచ్చాడు. ఆమెకు నన్ను చూపించి, "ఈయనా నేనూ కలిసి చదివాం. నాకే బుర్ర లేదమ్మా. ఆ పేర్లు పెట్టడం ఈయన ఎంత నేర్పినా నాకు ఎక్కలా," అన్నాడు. గర్వంగా అన్నాడు. నన్ను చూసి గర్వం.

తనకు బుర్ర లేదని ఒక మనిషి జీవితమంతా నమ్మాడు. అంతకంటే పెద్ద మూఢనమ్మకం ఏముంటుంది? దాన్ని పెంచి పోషించింది నేను. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. వాడి కూతురు వింటోంది. బాగా చదువుకోమ్మా అని చెప్పి నేను కారెక్కాను.

కింద నా పేరు రాసే ధైర్యం ఇంకా రాలేదు. క్షమించమని అడిగే హక్కూ లేదు. దానియేలుకు అర్థం కాలేదన్నది అబద్ధం. పాఠం వినకుండానే ఆ నియమాన్ని వాడు సొంతంగా పట్టుకున్నాడు. అది నా కళ్లతో చూశాను. చూసి, తెలిసే, కాదన్నాను.

ఇది రాశాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. ఆ తేలిక కూడా నాకే దక్కింది.