బొడ్డు మీది బూడిద

ఈ ఉదయం స్నానం చేసి వచ్చి చంటివాణ్ణి ఎత్తుకోగానే పిడకల బూడిద వాసన గుప్పుమంది. గుడ్డ తొలగిస్తే పచ్చి బొడ్డు నిండా బూడిద! “ఇదెవరు పూశారు?” అని అరిచాను. “నిప్పుల్లో కాలిందానికి యాడి దోషమమ్మా? నీ మొగునికీ ఇదే పూసినా,” అంది అత్త.

ఆ వాసనతోనే మార్తమ్మగారు కళ్ళముందు నిలిచారు. కాలేజీ చదువయ్యాక, పెళ్ళికి ముందు, ఆదోనిలో ఒక ఆసుపత్రి లాబొరేటరీలో ఆమె కింద పనిచేశాను. సూక్ష్మజీవులన్నీ ఒకటే కదా అని నేనన్న రోజు పకపకా నవ్వారు. “ఇదేనా సరోజా నీ కాలేజీ చదువు? బూజునూ ఈస్టునూ పక్కన పెట్టు. అసలైన బాక్టీరియా అంటే ఒక్కటే కణం. సుట్టూ గట్టి గోడ, నడిమికి చీలి రెండవుతాది. ముందు ఆకారం సూడు: ఆవగింజ మాదిరి గుండ్రమా, పుల్ల మాదిరా, మెలి తిరిగిందా? ఆపైన ఊదారంగేసి స్పిరిటుతో కడుగు. మీ ఎమ్మిగనూరు నేతగాళ్ళు రంగు నిలిచే నూలు, పోయే నూలు ఏరుకోరా? ఇదీ అంతే, కొన్నిట్లో ఊదా నిలుస్తాది, కొన్నిట్లో పోతాది. గాలి కావాల్నా, గాలంటే గిట్టదా, అదీ సూడాల.”

కొన్నాళ్ళకు పెద్దకడుబూరు నుంచి ఒక తల్లి పసిబిడ్డను తెచ్చింది. దవడ బిగిసి పాలు పట్టడం లేదు. తాకితే చాలు, ఒళ్ళు విల్లులా వంగుతోంది. బొడ్డు మీద బూడిద. మార్తమ్మగారు అక్కడి రసి తీసి, రంగు వేసి చూసి, మైక్రోస్కోపు ముందు నాకు చోటిచ్చారు. ఊదారంగు పుల్లలు, కొన్నింటి కొసన గుండ్రటి పూస.

“ధనుర్వాతం. ఆ పూసే దాని బీజం. ఊరికే సావదు. పేడలో, కొట్టం మట్టిలో నిద్రపోతాంటాది, గాలాడని పుండు దొరికితే లేస్తాది. కాలిన బూడిదను చల్లార్చేది ఆ కొట్టంలోనే కదా!”

సాయంత్రానికి బిడ్డ పోయింది. “మంచి బూడిదే పూస్తినమ్మా, ఏం తప్పు సేసినా?” అని ఆ తల్లి అడిగితే మార్తమ్మగారు ఆమెను దగ్గరికి తీసుకున్నారు. తర్వాత నాతో, “ఆయమ్మకు ఎవురు సెప్పినారని? సెప్పాల్సింది మనమే,” అన్నారు.

ఈ ఉదయం మావాడి బొడ్డు కడిగి, నేనూ మా ఆయనా బస్సెక్కి ఆదోనికి పరుగెత్తాం. డాక్టరు ధనుర్వాతం రాకుండా సూది వేసి, దవడ బిగుస్తుందేమో కొన్నాళ్ళు కనిపెట్టి చూడమన్నాడు. తిరిగొచ్చాక అత్త ముందు ఆవగింజ, చీపురుపుల్ల పెట్టి, మార్తమ్మగారిలాగే ఆ బీజం సంగతి చెప్పాను. ఆమె ఆ పుల్లను వేళ్ళమధ్య తిప్పి చూసింది. లేచి బూడిద ముంత బయట పారేసి వచ్చి, మనవడి కాళ్ళు పట్టుకుని ఏడ్చింది.

ఇప్పుడు అందరూ నిద్రపోయారు. వేలితో వాడి పెదవులు తాకి చూస్తున్నాను. నోరు తెరుస్తున్నాడు. ఇంకా తెరుస్తున్నాడు.