వాన మాయమైన ప్రాజెక్టు రికార్డు

అనంతపురం జిల్లాలో వాన ఎందుకు కురవదని అడిగితే ఒకరు చెట్లు కొట్టేశారంటారు, ఇంకొకరు కలికాలమంటారు. ఒకసారి మాత్రం కారణం నేనే. జిల్లా మొత్తం మీద కురిసిన వానను ఒక్క రోజులో మాయం చేసిన ఘనురాలిని. దాంతోపాటు నా స్నేహితురాలి ఉద్యోగం కూడా కొట్టుకుపోబోయింది. ఆ ప్రళయం కథ చెబుతాను, నవ్వుకోండి. నాకు నవ్వు రావడానికి కొన్నేళ్లు పట్టిందిలెండి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. నేను అనంతపురంలో ఎంసీఏ చివరి ఏడాది. హాస్టల్లో నా గదిలోనే ఉండే హసీనా, నేను కలిసి ప్రాజెక్టు చేశాం. ఏ మండలంలో ఎంత వాన పడిందో లెక్క చెప్పే ప్రోగ్రాం అది. తెర మీద కనిపించే సోకులన్నీ నావి, అసలు వాన లెక్కంతా హసీనాది. ఆమెకు అప్పటికే బెంగుళూరులో ఉద్యోగం ఖాయమైంది. ప్రాజెక్టు గట్టెక్కితే చేరడమే తరువాయి. తప్పితే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు.

మా కాలేజీలో ఒక ఆచారం ఉండేది. రికార్డు, అంటే ప్రోగ్రాం మొత్తం అచ్చుతీసి అట్టవేసిన పుస్తకం, ఎంత లావుంటే ప్రాజెక్టు అంత గొప్పది. మా గైడు సారు పుస్తకం తెరిచిన పాపాన పోయేవారు కాదు. సంతలో దోసకాయను చూసినట్టు అరచేతిలో పెట్టి బరువు చూసేవారు. మా క్లాసు సురేంద్ర రికార్డు దిండుకు సరిపోయేది. మాది విసురుకోవడానికి కూడా చాలదు. సారు దాన్ని రెండు వేళ్లతో ఎత్తి, "ఏమమ్మా, ఇది రికార్డా, పెండ్లి పత్రికనా?" అన్నారు. అందరి ముందరా అన్నారండీ. సురేంద్ర నవ్వాడు కూడా.

ప్రోగ్రాం పనిచేస్తోంది కదా, లావుతో ఏం పని అంది హసీనా. అని, వాళ్లన్న నిఖాకని హిందూపురం వెళ్లింది. మళ్లీ వైవా రోజు పొద్దునే వస్తుంది. ఆపేవాళ్లు లేకపోతే నాలాంటిదానికి బుర్ర మహా చురుగ్గా పనిచేస్తుంది.

ఇక్కడ కొంచెం చదువు చెప్పాలి, ఓర్చుకోండి. మా ప్రోగ్రాం చాలా ఫైళ్లలో ఉండేది. వాటన్నిటినీ వరసగా కంపైల్ చేసి, అంటే మిషనుకు అర్థమయ్యే భాషలోకి మార్చి, కలిపిపెట్టే సాధనం పేరు మేక్. కంపైల్ కాకముందు ఒక దశ ఉంటుంది. మనం పైన "ఫలానా ఫైలు చేర్చు" అని ఒక్క లైను రాస్తే, ఆ ఫైలంతా తెచ్చి అక్కడ కుమ్మరిస్తుంది. అది ఇంకో ఫైలును పిలిస్తే దాన్నీ తెస్తుంది. పెండ్లికి ఒకరిని పిలిస్తే ఊరంతా లారీ ఎక్కి దిగినట్టన్నమాట. అక్కడితో ఆపి, ఆ కుమ్మరించిన ఫైళ్లనే ఇవ్వమని మేక్‌కు చెప్పవచ్చు. తప్పులు వెతుక్కోవడానికి పెద్దలు చేసిన ఏర్పాటది. నేను దాన్ని ఎరువుగా వాడాను.

అలాగే ఇవ్వమని మేక్ కొట్టాను. గోరంత కొండంత అయింది. కొండను తవ్వి ఎలుకను పట్టారని సామెత. నేను ఎలుకను దాచడానికి కొండనే తెచ్చి పోశాను. ల్యాబులో ప్రింటరు పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా గీపెట్టింది. రిబ్బను వెలిసి అక్షరాలు బూడిద రంగుకు వచ్చాయి. అయితేనేం, నల్ల అట్ట, బంగారు అక్షరాలు, రెండు చేతులతో ఎత్తాల్సిన పుస్తకం. సారు ఎత్తి చూసి, "ఇదమ్మా ప్రాజెక్టంటే!" అని, యథాప్రకారం తెరవకుండా సంతకం పెట్టేశారు. నేను కావాలని సురేంద్ర ముందు నుంచే నడిచి వెళ్లాను.

వైవా రోజు వచ్చింది. బస్సు దిగి నేరుగా వచ్చిన హసీనా పుస్తకాన్ని చూసి, ఇది ఎవరిదని అడిగింది. మనదే అన్నాను. నోరు తెరిచేలోగా లోపలికి పిలిచారు.

బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకుడికి ఒక చెడ్డ అలవాటుంది. పుస్తకం తెరుస్తాడు. సరిగ్గా మధ్యలో తెరిచాడు.

"ఇదంతా మీరే రాసినారా?"

"అవును సార్," అన్నాను నేను. హసీనా నా వైపు చూసింది.

"ఈ ప్రింటెఫ్ కూడా నువ్వే రాసినావా?"

ప్రింటెఫ్ అంటే కంప్యూటరు భాషతోపాటే వచ్చే, తెర మీద అక్షరాలు చూపే సరుకు. అయినా నా తల దానంతటదే ఊగింది. దానికి సిగ్గు లేదు.

"నేను చదువుకునేప్పట్నుంచీ ఉండాదే తల్లీ అది," అన్నాడాయన మెల్లగా. "సరే, మీరు రాసింది యాడుండాదో చూపీ."

వెతికాను. ప్రోగ్రాం మధ్యలో మనుషులు చదువుకోవడానికి రాసే వ్యాఖ్యలుంటాయి; నా పేరు, వివరాలు పెట్టుకున్న ఆ వ్యాఖ్యలే కనిపించలేదు. ఆ దశలో వ్యాఖ్యలన్నీ తుడిచిపెట్టుకుపోతాయని నాకప్పుడే తెలిసింది. లావుకోసం చేసిన పనిలో నా పేరే సన్నబడి మాయమైంది. చెమటలు కక్కుతూ, ఎక్కడో ఒక ఫైలు చివర నా మెనూలను దొరకబుచ్చుకున్నాను.

"ఇవి సోకులు. వాన లెక్క?"

హసీనా ఊపిరి పీల్చుకుని పుస్తకం తన వైపు తిప్పుకుంది. అది ఆమె సొంత పొలం కదా. పేజీలు తిప్పింది. వెనక్కు తిప్పింది. మళ్లీ ముందుకు తిప్పింది. తర్వాత నా చెవి దగ్గర గొంతు తగ్గించి అడిగింది.

"మణీ, నా వాన యాడికి పోయె?"

అప్పుడు గుర్తొచ్చింది. నా మెనూలను త్వరగా సరిచూసుకోవడానికి మేమే వాన లెక్కకు ఒక మీట పెట్టుకున్నాం. మేక్ కొట్టేటప్పుడు "వాన" అని చెబితే ఆ భాగం కలుస్తుంది. చెప్పకపోతే ఆ దశలోనే తీసి అవతల పారేస్తుంది. నేను లావు తొందరలో చెప్పడం మరిచాను. ఊరూరి ఫైళ్లు వచ్చి కూర్చున్నాయి, మా వాన మాత్రం ఒక్క లైను లేదు.

"మన జిల్లా మబ్బుల మాదిరే ఉండాదమ్మా మీ పుస్తకం," అని ఆయన అట్ట మూసి, మార్కులు వేయడానికి పెన్ను తీశాడు. హసీనా ముఖం పాలిపోయింది. ఆ ముఖం చూడలేక నేను నేల చూశాను. భూమి చీలితే బాగుండుననుకున్నాను. మా నేలకు చీలడం కొత్త కాదు గానీ, ఆ రోజు మొండికేసింది.

"సార్, తప్పు నాది. వాన ఆమెది. పుస్తకంలో నేనే పోగొట్టినాను," అన్నాను.

"మిషన్లో ఉండాది సార్," అంది హసీనా. "ఒక్కసారి చూడండి."

ఆయన తలూపాడు. ఆమె పక్కనున్న కంప్యూటరు ముందు కూర్చుని, ఈసారి "వాన" అని చెప్పి మేక్ కొట్టింది. ప్రోగ్రాం లేచింది. ఆయన కాసేపు ఆలోచించి, చిలమత్తూరులో పోయిన ఏడాది జూలైలో ఎంత పడిందో చూపమన్నాడు.

తెర మీద పెద్ద సున్నా వచ్చింది.

పని అయిపోయిందనుకుని నేను కళ్లు మూసుకున్నాను. ఆయన మాత్రం కుర్చీ వెనక్కు వాలి పకపకా నవ్వాడు. "మా అత్తగారి ఊరు అదే. ఆ నెలంతా ఆడనే ఉన్న్యా, చుక్క పళ్లేదు. ఇంత నిజం చెప్పే ప్రోగ్రాము ఇంతవరకూ చూళ్లేదు నేను." ఆ తర్వాత హసీనాను అరగంట ప్రశ్నలడిగాడు. అన్నిటికీ జవాబు చెప్పింది. మంచి మార్కులతో గట్టెక్కింది, బెంగుళూరు వెళ్లింది. నేనూ పాసయ్యాను. చిలమత్తూరు సున్నా పుణ్యమే అది.

ఆ రికార్డు ఇప్పుడు మా ఇంట్లో ఊరగాయ జాడీ మూత మీద బరువుకు ఉంది. దాని మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో రాతను లావు చెయ్యను (ఒంటికి ఈ ఒట్టు వర్తించదు). ఏది అచ్చుకు పోవాలన్నా ముందు హసీనా చూడందే పంపను. ఈ కథ కూడా చూపించాను. మొదటి నుంచి చివరి దాకా చదివి ఒక్క మాటే అంది.

"వాన ఉండాదిలే, పంపియ్యి."